శత్రువదాదేశః, మిత్రవదాగమః: ఎడిటర్‌లో కొట్టే కురచ మాటలకు ఈ పేర్లు పనికొస్తాయా?

లెక్కలమాస్టారు:
అందరికీ నమస్కారం. తెలుగు మీడియం లెక్కల టీచర్ల కోసం లేటెక్ (గణితాన్ని అచ్చుకు కూర్చే ప్రోగ్రాము) మీద ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. అందులో ఒక అధ్యాయం దగ్గర బండి ఆగింది. ఎడిటర్‌లో "సిద్" అని కొట్టి ట్యాబ్ నొక్కితే సిద్ధాంతం పెట్టె మొత్తం, దాని లోపల దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అనే నాలుగు శీర్షికలు వచ్చి పడేలా పెట్టుకున్నాను. కర్సర్ దత్తాంశం పక్కన నిలబడుతుంది. అది రాసి మళ్లీ ట్యాబ్ కొడితే సారాంశం దగ్గరికి పోతుంది. ఈ నాలుగు మాటలు ఏడాదికి ఎన్నిసార్లు రాయాలో జ్యామితి చెప్పినవాళ్లకు తెలుసు.

నాకు మూడు పేర్లు కావాలి. ఒకటి, మనం కొట్టే కురచ మాట. రెండు, అది పోయి దాని చోట వచ్చే పెద్ద ముక్క. మూడు, ఉన్నది చెడకుండా పక్కన చేరే ముక్క. ఒక మాటను ఎంచుకుని మీటలు నొక్కితే అటూ ఇటూ బోల్డ్ తాలూకు బ్రాకెట్లు పడతాయి కదా, అలాంటివి. టెంప్లేట్‌తో గొడవ లేదు, మూస అనే మాట వికీపీడియా పుణ్యమా అని స్థిరపడింది. సత్వరమార్గం అనే మాట తెరల మీద చూశాను గానీ నోటితో ఎవరూ అనగా వినలేదు. మిగతావాటి గురించి ఆలోచిస్తుంటే బడిలో బట్టీ పట్టిన "శత్రువదాదేశః, మిత్రవదాగమః" గుర్తొచ్చింది. ఆదేశం, ఆగమం అనొచ్చా? వ్యాకరణం తెలిసినవాళ్లు చెప్పాలి.

అచ్చుతప్పు:
మాస్టారూ, పేజ్‌మేకర్, అను ఫాంట్లతో డీటీపీ షాపులో జుట్టు నెరిసినవాణ్ని. మా దగ్గర షార్ట్‌కట్ అంటే షార్ట్‌కట్టే. ఆగమం అని రాస్తే కుర్రాళ్లు గుడి అర్చకుల సంగతేమో అనుకుంటారు.

శబ్దరత్నం:
గుడిలో ఆగమశాస్త్రం ఉంటే సంధిలో ఆగమం ఉండకూడదా? పదో తరగతి దాటినవాళ్లంతా యడాగమం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే.

మాస్టారూ, నిక్షేపంగా అనొచ్చు. ఆదేశం శత్రువు లాంటిది. ఉన్నదాన్ని తరిమేసి ఆ చోట తాను కూర్చుంటుంది. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములైనప్పుడు త పోయి ద వచ్చింది. ఎవరి చోటులోకి ఆదేశం వస్తుందో ఆ పోయినదాన్ని స్థాని అంటారు. కాబట్టి మీ "సిద్" స్థాని, వచ్చిన పెట్టె ఆదేశం. మీరడిగిన మొదటి పేరు కూడా దొరికినట్టే.

ఆగమం మిత్రుడు. ఎవరినీ లేపకుండా పక్కన సర్దుకుంటాడు. మా, అమ్మ కలిస్తే మాయమ్మ. ఇద్దరూ ఉన్నారు, మధ్యలో య్ వచ్చింది. నిలువుటద్దంలో ట్, పేదరాలులో ర్ ఇలా వచ్చినవే.

ఇక్కడ చాలామంది చూడకుండా దాటేసేది ఒకటుంది. యడాగమం, టుగాగమం, రుగాగమం అనే పేర్లను ఎప్పుడైనా విడదీశారా? యట్ ఆగమం, టుక్ ఆగమం, రుక్ ఆగమం. యట్‌లో పనికొచ్చేది య్ ఒక్కటే. టుక్‌లో ట్ ఒక్కటే, మధ్యలో ఉకారం నోరు తిరగడానికి. మరి చివరి ట్, క్ దేనికి? పాణిని "ఆద్యన్తౌ టకితౌ" అని ఒక సూత్రం చేశాడు. ట్ గుర్తు ఉన్న ఆగమం మొదట చేరుతుంది, క్ గుర్తు ఉన్నది చివర చేరుతుంది. అందుకే యట్ వెళ్లి అమ్మకు ముందు నిలబడింది, టుక్ వెళ్లి నిలువుకు చివర నిలబడింది. ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికే ఆ గుర్తు. చెప్పాక మాయమవుతుంది, మాటలో ఎక్కడా కనబడదు. దీన్ని ఇత్తు అంటారు.

విమ్‌వీరుడు:
శబ్దరత్నం గారూ, ఇది చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. విమ్ అనే ఎడిటర్‌లో మేము వాడే అల్టిస్నిప్స్ అనే ప్లగిన్‌లో అచ్చంగా ఇదే ఏర్పాటు ఉంది. కురచ మాట, దాని పెద్ద ముక్క కలిపి రాసుకున్నదాన్ని స్నిపెట్ అంటాం. ప్రతి స్నిపెట్‌కు పైన ఒక వరుస రాయాలి. ముందు కురచ మాట, తర్వాత అదేమిటో చెప్పే వివరణ, ఆఖరున ఒకటి రెండు అక్షరాలు. ఆ అక్షరం బి అయితే, కురచ మాట వరుస మొదట్లో ఉంటేనే విచ్చుకుంటుంది. ఐ అయితే మాట మధ్యలో ఉన్నా విచ్చుకుంటుంది. పెద్ద బడి ఎ పెడితే ట్యాబ్ నొక్కే పని కూడా లేదు, కొట్టడం పూర్తి కాగానే తనంతట తానే మారిపోతుంది. ఈ బి, ఐ, ఎ లలో ఒక్కటి కూడా డాక్యుమెంట్‌లోకి రాదు. ఇత్తులంటే ఇవే కదా!

పెద్ద ఎ మహిమ చూడాలంటే జిల్ కాస్టెల్ పద్ధతి చూడాలి. బెల్జియంలో గణితం చదువుకున్న కుర్రాడు. క్లాసులో ప్రొఫెసర్ బోర్డు మీద రాస్తుంటే అదే వేగంతో లేటెక్‌లో నోట్సు ఎలా తీసుకున్నాడో 2019లో రాసి పెట్టాడు. ఎం, కె అని రెండక్షరాలు కొడితే వాక్యం మధ్యలో వచ్చే గణితానికి రెండు డాలర్ గుర్తులు, డి, ఎం కొడితే విడిగా నిలబడే సమీకరణానికి చోటు, రెండు వాలు గీతలు కొడితే భిన్నం. లవం దగ్గర కర్సర్, ట్యాబ్ కొడితే హారం. 2022లో చిన్న వయసులోనే పోయాడు. అతని స్నిపెట్లు మాత్రం ఎందరి కంప్యూటర్లలోనో బతికున్నాయి.

అందులో ఇంకో తెలివి ఏమిటంటే, కొన్ని స్నిపెట్లు గణితం లోపల ఉంటేనే విచ్చుకుంటాయి. మామూలు వాక్యంలో అవే అక్షరాలు కొడితే నోరు మూసుకుని ఉంటాయి. దీనికి కూడా వ్యాకరణంలో పేరుందా?

శబ్దరత్నం:
ఉంది నాయనా, నిమిత్తం. యణాదేశ సంధికి మూలమైన సూత్రం మూడే ముక్కలు: ఇకో యణచి. ఇక్‌కు (ఇ, ఉ, ఋ, ఌ) బదులు యణ్ (య, వ, ర, ల), అచ్చు పరమైతే, అంటే తర్వాత అచ్చు వస్తే. అతి, అంత కలిస్తే అత్యంత. సు, ఆగతం కలిస్తే స్వాగతం. మొదటి ముక్క స్థాని, రెండోది ఆదేశం, మూడోది నిమిత్తం. ఏది పోవాలి, ఏది రావాలి, ఎక్కడున్నప్పుడు. నువ్వు చెప్పిన గణితం షరతు ఆ మూడో ముక్క.

పైగా ఆ ఇక్, యణ్, అచ్ అనేవి కూడా కురచ మాటలే. వాటిని ప్రత్యాహారాలు అంటారు. మాహేశ్వర సూత్రాలను అఇఉణ్, ఋఌక్, ఏఓఙ్, ఐఔచ్ అని వరుసగా చదివి, మొదటి అ పట్టుకుని చివరి చ్ దగ్గర ఆపితే అచ్. మధ్యలో ఉన్న అక్షరాలన్నీ అందులోకి వచ్చినట్టే, ఆఖరి గుర్తులు మాత్రం లెక్కలోకి రావు. హయవరట్ దగ్గర మొదలై 14వ సూత్రం చివర ఆగితే హల్. పలక మీద మనం దిద్దిన అచ్చులు, హల్లులు ఇక్కడి నుంచి వచ్చినవే.

లెక్కలమాస్టారు:
అమ్మా, మరి ప్రత్యాహారం అనే మాటనే కురచ మాటకు వాడేస్తే?

శబ్దరత్నం:
వాడొచ్చు గానీ నాకు స్థాని మీదే మొగ్గు. ప్రత్యాహారం అంటే యోగం నేర్చుకున్నవాళ్లు ఇంద్రియాలను వెనక్కి లాగడం అనుకుంటారు. పైగా అచ్ అన్నప్పుడు లోపల ఉన్న అక్షరాలన్నీ గుర్తుకు రావాలి, అంతే. ఒకటి పోయి ఇంకొకటి రావడం లేదు. మీ ఎడిటర్‌లో "సిద్" నిజంగా చెరిగిపోతోంది.

విమ్‌వీరుడు:
ఒక సందేహం. నాకు చిన్నప్పుడు నేర్పిన సూత్రాలు సరిగ్గా గుర్తుంటే ణ్ రెండుసార్లు వస్తుంది కదా. అఇఉణ్‌లో ఒకటి, లణ్‌లో ఒకటి. అప్పుడు అణ్ అంటే ఎక్కడ ఆపాలి? మా స్నిపెట్లలో ఇది రోజూ వచ్చే టెన్షన్. "సి" అని ఒకటి, "సిద్" అని ఒకటి పెట్టుకుని రెండింటికీ పెద్ద ఎ పెడితే రెండోది ఎప్పటికీ పనిచేయదు. సి కొట్టగానే మొదటిది విచ్చుకుని కూర్చుంటుంది. ఒకే కురచ మాటతో రెండు ఉంటే మాత్రం నయం, రెండూ చూపించి ఏది కావాలో అడుగుతుంది.

శబ్దరత్నం:
మంచి చోట పట్టుకున్నావు. ఇణ్ అంటే ఎప్పుడూ రెండో ణ్ వరకే. అణ్ అంటే మొదటి ణ్ వరకే, ఒక్క "అణుదిత్ సవర్ణస్య చాప్రత్యయః" అనే సూత్రంలో తప్ప. అక్కడ రెండోదాని వరకు పోవాలి. ఇదెలా తెలుస్తుందంటే భాష్యకారుడు పతంజలి ఇచ్చిన జవాబు: వ్యాఖ్యానం చూసి తెలుసుకో, సందేహం వచ్చినంత మాత్రాన సూత్రం పనికిరాకుండా పోదు. మీ యంత్రం వ్యాఖ్యానం చదవదు కాబట్టి మిమ్మల్నే అడుగుతోంది.

విమ్‌వీరుడు:
అయితే తెలుగులో కురచ మాటలు పెట్టుకునేవాళ్లకు నాదొక సలహా. ఎం, కె జంటతో ఇంగ్లీషు మాటలు మొదలు కావు గనక అది కాస్టెల్‌కు కుదిరింది. మన "సిద్" అలా కాదు. దానికి పెద్ద ఎ పెడితే, సిద్దిపేట అని రాయబోతే సిద్ధాంతం వచ్చి పడుతుంది. అందుకని ప్రతి కురచ మాటకూ ముందు ఙ పెట్టండి. ఙసి, ఙని, ఙఉదా. ఆ అక్షరంతో మొదలయ్యే తెలుగు మాట లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్‌తో ఒక్క మీట. వర్ణమాలలో ఊరికే కూర్చున్నదానికి ఒక ఉద్యోగం దొరుకుతుంది.

శబ్దరత్నం:
ఊరికే కూర్చోలేదు, వాఙ్మయం అది లేకుండా ఎలా రాస్తావు? అయితే మాట మొదట్లో రాదన్నది నిజమే. పాణిని కూడా దానికి ఇదే ఉద్యోగం ఇచ్చాడు, ఏఓఙ్ చివర ఇత్తుగా. "అదేఙ్ గుణః" అన్నప్పుడు ఏ, ఓ లను మోసుకొచ్చేది ఆ ఙ్.

ఈమాక్స్‌బాబాయ్:
విమ్ వాళ్లు సభంతా ఆక్రమించారు, మా మాట కూడా వినండి. ఈమాక్స్ అనే మా ఎడిటర్‌లో లేటెక్ రాయడానికి ఆక్‌టెక్ అని ఒక ప్యాకేజీ ఉంది. అందులో ఒక వాక్యాన్ని ఎంచుకుని కంట్రోల్ సి, కంట్రోల్ ఇ కొట్టి పెట్టె పేరు చెబితే, ఆ వాక్యానికి ముందు బిగిన్, వెనక ఎండ్ వచ్చి చేరతాయి. వాక్యం చెక్కు చెదరదు. అది ఆగమం. అదే మీటలకు ముందు ఒక్క కంట్రోల్ యు తగిలించండి. ఇప్పుడు కొత్తగా ఏమీ చేరదు, మీరున్న పెట్టె పేరు పోయి కొత్త పేరు వస్తుంది. అది ఆదేశం. ఒకే మీటలు, ఒక్క కంట్రోల్ యుతో మిత్రుడు కాస్తా శత్రువైపోయాడు.

ఇంకోటి. కంట్రోల్ సి, కంట్రోల్ ఎఫ్, కంట్రోల్ బి కొడితే ఎంచుకున్న మాట బోల్డ్ అవుతుంది. చివరి మీట బదులు కంట్రోల్ డి కొడితే ఉన్న బోల్డ్ ఊడిపోతుంది, మాట మిగులుతుంది. వ్యాకరణంలో లోపం అంటారే, అదన్నమాట.

తెలుగులో రాసేవాళ్లకు దీనివల్ల అసలు లాభం వేరే ఉంది. ఈమాక్స్‌కు సొంతంగా తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఉంది, కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత నొక్కితే ఆన్ ఆఫ్ అవుతుంది. అది మామూలు అక్షరాలనే మారుస్తుంది, కంట్రోల్ కలిసిన మీటల జోలికి పోదు. తెలుగు రాస్తూ రాస్తూనే ఈ మీటలన్నీ కొట్టుకోవచ్చు. విమ్ కమాండ్లు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి, అందులో కంప్యూటర్ కీబోర్డునే తెలుగుకు మార్చి, ఆ సంగతి మరచి ఫైల్ సేవ్ చేయబోతే ఏమవుతుందో వీరుడిని అడగండి.

విమ్‌వీరుడు:
బాబాయ్, అది నిజమే గానీ ఇప్పుడు ఆ గొడవ ఎందుకు.

అచ్చుతప్పు:
మాస్టారూ, అన్నీ బానే ఉన్నాయి. ఆదేశం దగ్గర నాకొక చిక్కు కనబడుతోంది. కంప్యూటర్ తెలుగులో కమాండ్‌ను ఆదేశం అనే వాడుతున్నారు. లేటెక్ అంటేనే పేజీకి పాతిక కమాండ్లు. ఒక పుస్తకంలో ఆదేశానికి రెండు అర్థాలుంటే ప్రూఫులు దిద్దేవాడి గతేంకాను?

లెక్కలమాస్టారు:
మీరన్నాక చూసుకున్నాను, నిజంగానే మొదటి అధ్యాయంలో కమాండ్‌ను ఆదేశం అని రాసుకుంటూ పోయాను. దాన్ని మార్చేస్తాను. కమాండ్‌ను కమాండ్ అనే ఉంచుతాను, టీచర్లందరి నోటా ఉన్న మాటే. స్థాని, ఆదేశం, ఆగమం, నిమిత్తం తీసుకుంటున్నాను. లోపం మాత్రం వద్దు. "ఎంచుకున్న చోట లోపం చేయండి" అని రాస్తే చదివినవాళ్లు ప్రోగ్రాములో తప్పుందనుకుంటారు. తీసివేత చాలు.

అచ్చుతప్పు:
ఇప్పుడు నా అసలు ప్రశ్న. మీరు పంపిన నమూనా పేజీలో శీర్షిక బాగా నల్లగా వచ్చింది గానీ, సిద్ధాంతం లోపలి అక్షరాలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. తెలుగు అచ్చులో ఇటాలిక్ ఎక్కడిది? కావాలని పెట్టారా?

లెక్కలమాస్టారు:
కావాలని కాదండీ. మొదట ఫాంట్‌లో ఇటాలిక్ లేదని హెచ్చరిక వస్తుంటే, అది పోవడానికి అక్షరాలను కృత్రిమంగా వంచే ఆప్షన్ పెట్టాను.

ఈమాక్స్‌బాబాయ్:
అది తీసేయండి. ఏఎంఎస్ (అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ) వాళ్ల సిద్ధాంతం ప్యాకేజీ మామూలుగా లోపలి వాక్యాలను ఇటాలిక్‌లో వేస్తుంది, ఇంగ్లీషు గణిత పుస్తకాల అలవాటు అది. సిద్ధాంతం పెట్టెను ప్రకటించే వరుసకు పైన శైలిని డెఫినిషన్ అని మార్చండి. శీర్షిక నల్లగానే ఉంటుంది, లోపలి అక్షరాలు నిటారుగా వస్తాయి, వాటికి వచ్చే హెచ్చరిక కూడా పోతుంది. ఉపపత్తికి పెట్టె ప్రూఫ్ అని ఇంగ్లీషు శీర్షిక వేస్తుంటే, బిగిన్ పక్కన చదరపు బ్రాకెట్లలో ఉపపత్తి అని రాస్తే ఆ చోట అదే వస్తుంది. ఈ రెండూ మూస ఫైల్లోనే పెట్టేయండి, టీచర్ల దాకా రానివ్వకండి. యూనికోడ్ ఫాంట్లను వాడనిచ్చే జీలేటెక్‌తోనే నడపమని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి, లేకపోతే తెలుగు ఫాంట్ దొరకలేదని సగం మంది అక్కడే ఆగిపోతారు.

లెక్కలమాస్టారు:
ఇప్పుడే మార్చి చూశాను, నిటారుగా వచ్చాయి. ఉపపత్తి చదరపు బ్రాకెట్‌ను ఙఉప ఆదేశంలోనే కలిపేశాను. సాయంత్రానికి రెండో అధ్యాయం పెడతాను. శబ్దరత్నం గారూ, నిమిత్తం గురించి రాసిన పేరా ఒక్కసారి చూసిపెట్టాలి.