రోమా 2:14లో ‘స్వాభావికముగా’ – అన్వయం దేనితో?

బ్రాడీపేట: సండేస్కూల్లో బట్టీ పట్టిన బైబిల్ వాక్యం, వదలట్లేదు. “ధర్మశాస్త్రము (మోషే ద్వారా యూదులకొచ్చినది) లేని అన్యజనులు (యూదులు కానివాళ్లు) స్వాభావికముగా ధర్మశాస్త్రసంబంధమైన క్రియలను చేసినయెడల...” తర్వాత “తమకు తామే ధర్మశాస్త్రమైనట్టున్నారు”. ఆ ‘స్వాభావికముగా’ దేనికి అన్వయం?

పటమట: ‘చేసినయెడల’కే. తెలుగులో ఇంకెక్కడికి పోతుందండీ?

గుణదల: గ్రీకులో పోతుంది మాస్టారూ. ‘స్వాభావికముగా’కి మూలమైన ‘ఫూసెయ్’ అటు ‘లేని’కీ ఇటు ‘చేసిన’కీ మధ్యలో పడింది. అటు కలిపితే ‘పుట్టుకతో ధర్మశాస్త్రం లేనివారు’. గలతీ 2:15లో అదే మాటకు మనవాళ్లు ‘జన్మమువలన యూదులమే’ అన్నారు మరి.

అరండల్‌పేట: అటు కలిపితే మధ్యయుగ క్రైస్తవ వేదాంతి అక్వినాస్ చెప్పిన ప్రకృతి ధర్మం గాల్లో దీపమే.

గుణదల: కాదు. శాశ్వత, ప్రకృతి, మానవ, దైవ అని ఆయన నాలుగు ధర్మాలు చెప్పాడు. శాశ్వత ధర్మంలో బుద్ధిగల ప్రాణికి దక్కిన పాలే ప్రకృతి ధర్మం. ఈ వచనం సాక్ష్యానికి తెచ్చాడు, అంతే. అసలు ఆధారం ‘మంచి చెయ్యాలి, చెడు మానాలి’ అన్న మొదటి సూత్రం. బెంజ్ సర్కిల్లో ఎవర్నీ గుద్దకూడదన్నది ప్రకృతి ధర్మం, ఎడమపక్కనే నడపాలన్నది మానవ ధర్మం.

అరండల్‌పేట: బెంజ్ సర్కిల్లో రెండూ లేవు లెండి. అక్వినాస్ కంటే ముందటి వేదాంతి అగస్టీన్ అయితే ఆ అన్యజనులు క్రీస్తును నమ్మినవాళ్లేనన్నాడు. అప్పుడు మీ ‘స్వభావం’ కృప బాగుచేసిన స్వభావం!

పటమట: అంత దూరం ఎందుకు, తిక్కన లేడూ?
“ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబునకగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథములకెల్లన్”
శాస్త్రం ఊసే లేదు, కొలబద్ద ‘తన మనంబు’. 1140 ప్రాంతంలో గ్రేషియన్ చర్చి చట్టాల సంకలనం మొదలెట్టిందీ ఈ సూత్రంతోనే. ప్రకృతి ధర్మమంటే ఇదేనన్నాడు.

బ్రాడీపేట: తిక్కన తాత మంత్రి భాస్కరుడు ‘గుంటూరి విభుడు’. కాబట్టి ఆ పద్యం మా గుంటూరుది. కానీ మాస్టారూ, నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు. ‘అప్రియము’ ధర్మానికి కొలత ఎలా అవుతుంది?

గుణదల: పద్యంలో ఆ ‘పరాయణము’, ‘పారాయణము’ కదూ? మా క్లాసంతా అలాగే చదివాం.

పటమట: చదివితే చదివారు, కందం ఒప్పుకోదు. ప్రాసకు ముందక్షరం ఒ, న, నొ, అన్నీ లఘువులు. అక్కడ ‘పా’ ఎలా పెడతారు?

గుణదల: అచ్చులో అలా చూశానండీ.

పటమట: అచ్చేసినాయన గణాలు కట్టి చూసుకోలేదు. ‘పా’ అంటే చివర ‘లకెల్లన్’ మిగిలి అయిదు మాత్రలవుతుంది. లెక్కపెట్టండి.

అరండల్‌పేట: ‘పరాయణము’ అంటే ఇక్కడ ఆశ్రయమా, గమ్యమా?