తెలుగు డొమైన్ పేర్లకు 63 హద్దు న్యాయమేనా?

గోదారిగట్టు: డొమైన్ పేరులో, అంటే వెబ్‌సైటు చిరునామాలో, చుక్కకీ చుక్కకీ మధ్య 63 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ఒక్కో గుర్తుకూ 3. 'శ్రీలక్ష్మి' కంటికి మూడక్షరాలే, లోపల హల్లు, గుణింతం, పొల్లు విడివిడిగా 11 గుర్తులు, 33 బైట్లు. సగం చోటు దానికే సరి! హద్దు అక్షరాల లెక్కన ఉండాలి.

సర్వర్‌సుబ్బయ్య: డొమైన్‌లోకి యూటీఎఫ్-8 వెళ్లదండీ. పేరు ముందు ప్యూనీకోడ్‌లోకి, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గీతలతో రాసే రూపంలోకి మారుతుంది, ఆ తర్వాతే లెక్క. 'భారత్' యూటీఎఫ్-8లో 15 బైట్లు. ప్యూనీకోడ్‌లో ముందు తగిలించే 'ఎక్స్ఎన్', రెండు గీతలతో కలిపినా 13. తెలుగు గుర్తులన్నీ యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే పట్టికలో) పక్కపక్కనే ఉండటం వల్ల మనకు కలిసొచ్చింది. ఇక 63 ఎవరో పక్షపాతంతో పెట్టింది కాదు. డొమైన్ పేర్ల నియమాలు చెప్పే 1987 నాటి పత్రం ఆర్ఎఫ్‌సీ 1035 ప్రకారం పొడవు చెప్పే బైటులోని ఎనిమిది బిట్లలో రెండు వేరే పనికి పోతాయి. మిగిలిన ఆరింటిలో 63 దాకానే పడుతుంది.

మజ్జిగచుక్క: చైనా దేశం పేరు వాళ్ల లిపిలో రెండక్షరాలు. యూటీఎఫ్-8లో 6 బైట్లు, ప్యూనీకోడ్‌లో 10. వాళ్లేమనాలి?

గోదారిగట్టు: వాళ్ల ఒక్కో అక్షరానికీ ఒక అర్థం ఉంటుంది. మనకు ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి.

సర్వర్‌సుబ్బయ్య: 63 దాటి ఆగిపోయిన తెలుగు పేరు ఒక్కటి చూపించండి.

గోదారిగట్టు: మళ్లీ అదే పట్టు! మా అక్క పచ్చళ్ల వ్యాపారానికి తెలుగు పేరు కొన్నాం. రసీదులో ఆ పేరుకు బదులు 'ఎక్స్ఎన్'తో మొదలయ్యే గజిబిజి అచ్చయింది. మోసమనుకుని ఇద్దరు డబ్బు కట్టలేదు.

సర్వర్‌సుబ్బయ్య: అది పొడవు సమస్య కాదు కదా.

రాత్రిషిఫ్ట్: ఇంగ్లిష్‌లో పెట్టుకుంటే ఏ గొడవా ఉండదుగా.

గోదారిగట్టు: ఇదిగో, అందరి మనసులో ఉన్నది ఇదే! ఆవిడ దగ్గర కొనేవాళ్లలో సగం మంది తెలుగే చదువుతారు. వాళ్లు చదవగలిగే పేరు పెట్టుకునే హక్కు లేదా? ఎప్పుడూ మనమే సర్దుకోవాలా?

సర్వర్‌సుబ్బయ్య: రాత్రిషిఫ్ట్ గారి మాట నాది కాదు. నేనూ తెలుగు పేరే కావాలంటున్నాను. హద్దు మార్చాలంటే డొమైన్ పేర్లను వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్లు ప్రపంచమంతటా మారాలి, ఆ వాదనలోనే ఏళ్లు గడిచిపోతాయి. రసీదులో, మెయిల్‌లో, ఫారాల్లో తెలుగు పేరు తెలుగులోనే కనిపించాలని పట్టుబడితే ఇప్పుడే ఫలితం ఉంటుంది. రసీదు పంపే సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాయండి, నేనూ సంతకం పెడతాను.

గోదారిగట్టు: రాస్తాను. అక్షరాల లెక్క మాట మాత్రం వదలను.