గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల తేడాను పదో తరగతి పిల్లలకు చూపించడం ఎలా?

తణుకు దగ్గర పల్లెలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. నరికిన చెరకును ఆడడం ఆలస్యమైతే రసంలోని సుక్రోజ్ (మామూలు చక్కెర) నీటితో చర్య జరిపి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుందనీ, అందువల్లే బెల్లం మెత్తబడి సరిగా గడ్డకట్టదనీ చెప్పినప్పుడు, రైతుల పిల్లలు వెంటనే అందుకున్నారు. అయితే రెండింటి సూత్రమూ ఒక్కటే. ప్రతి 180 గ్రాముల్లో కార్బన్ 72, హైడ్రోజన్ 12, ఆక్సిజన్ 96 గ్రాములు. మరి ఫ్రక్టోజ్‌కే తీపి ఎందుకు ఎక్కువని ఒక అమ్మాయి అడిగింది. ఎంతో విలువైన ప్రశ్న అది.

గ్లూకోజ్‌లోని ఆల్డిహైడ్, ఫ్రక్టోజ్‌లోని కీటోన్ నిర్మాణాలను బోర్డు మీద గీయగలను గానీ, తేడా కళ్లకు కనబడాలని నా కోరిక. చక్కెరలను గుర్తించడానికి వాడే బెనెడిక్ట్ ద్రావణం రెండింటితోనూ ఇటుక రంగు అవక్షేపమే ఇస్తుంది. కీటోన్ చక్కెరలను గుర్తించే సెలివనాఫ్ పరీక్షలో ఫ్రక్టోజ్ త్వరగా ఎర్రబడుతుంది, కానీ దానికి వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. అంతకంటే సురక్షితమైన ప్రయోగం తెలిసినవారు దయచేసి పరిమాణాలతో సహా వివరించగలరా?