నాచ్ పెంచగానే నల్లపొగ: డీజిల్ లోకోలపై మీ అనుభవాలు చెప్పండి

పట్టాల పక్కన:
బరువైన గూడ్సు రైలు కదిలేటప్పుడు ఇంజిన్ గుప్పున నల్లపొగ కక్కుతుంది, కాసేపటికి దానంతట అదే పలుచబడుతుంది. ఇది లోపమా, సహజమా? నడిపినవారు, షెడ్డులో పనిచేసినవారు చెప్పగలరా?

పాత డ్రైవర్:
పలుచబడిందంటే దిగులు అక్కర్లేదండీ. నాచ్ (ఇంజిన్ బలాన్ని పెంచే మీటలో ఒక్కో మెట్టు) పెంచగానే గవర్నర్, అంటే ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే పరికరం, డీజిల్ పెంచుతుంది. గాలిని తోసే టర్బో మాత్రం సిలిండర్ల నుంచి వచ్చే వేడి వాయువులతోనే తిరగాలి. అది వేగం అందుకునేదాకా లోపల డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. పూర్తిగా కాలక మిగిలిన మసే ఆ పొగ. నేను నడిపిన ఆల్కో (అమెరికా కంపెనీ) 251 ఇంజిన్లలో ఇది బాగా కనిపించేది. చక్రాలు తిప్పే మోటార్లకు వెళ్లే కరెంటును చూపే ఆంపియర్ మీటరు ముల్లు కుదురుకున్నాకే తర్వాతి నాచ్‌కు వెళ్లేవాడిని. చివరిదైన ఎనిమిదో నాచ్‌లో నిలకడగా లాగుతున్నప్పుడూ నల్లగానే ఉంటే మాత్రం తప్పక షెడ్డుకు రాయాలి.

కొత్త విద్యార్థి:
అన్ని ఇంజిన్లలో ఇంతేనా?

షెడ్డు ఫిట్టర్:
కాదు. ఈఎండీ (ఇంకో అమెరికా కంపెనీ) 645 రెండు స్ట్రోకుల ఇంజిన్, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్లేసరికి ఒక విడత పని పూర్తవుతుంది. టర్బో ఉన్న రకం సంగతి చెబుతాను. అందులో బయటి నుంచి గాలి తోయకపోతే సిలిండర్‌లోని కాలిన వాయువు బయటికి పోదు. అందుకే తక్కువ లోడులో టర్బోను ఇంజినే గేర్లతో తిప్పుతుంది. వేడి వాయువుల బలం చాలినప్పుడు క్లచ్ విడిపోతుంది. (645 అంటే ఒక్కో సిలిండర్ పరిమాణం, ఘనపు అంగుళాల్లో.)

నన్ను అడిగితే పొగకన్నా నీటికి భయపడాలి. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్‌ను ఒక తెల్లవారుజామున టెస్ట్ కాక్‌లన్నీ (ఒక్కో సిలిండర్‌కు ఉండే చిన్న కుళాయిలు) తెరిచి చేత్తో తిప్పుతున్నాం. ఒక కాక్ నుంచి సన్నటి ధార నా మణికట్టు మీద పడింది, చల్లగా. సిలిండర్ హెడ్ (సిలిండర్ పైమూత) పగిలి ఇంజిన్‌ను చల్లబరిచే నీరు లోపలికి దిగింది. చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోయేది. నీరు గాలిలా అణగదు కదా!

పాత సంచికలు:
చక్రాలకు నేరుగా ఇంజిన్ బిగించి కూడా చూశారు. 1912లో తయారైన డీజిల్-క్లోజ్-సుల్జర్ లోకోలో చక్రం ఆగితే ఇంజినూ ఆగేది. బయలుదేరాలంటే ఒత్తిడి గాలి కావాలి. జనరేటర్, ట్రాక్షన్ మోటార్లు (చక్రాలు తిప్పే కరెంటు మోటార్లు) మధ్యకు వచ్చాక రైలు నిలిచి ఉన్నా ఇంజిన్ తిరగగలిగింది.

కొత్త విద్యార్థి:
ఫిట్టర్ గారూ, చేత్తో ఎన్ని చుట్లు తిప్పాలి?

షెడ్డు ఫిట్టర్:
రెండు స్ట్రోకులదైతే ఒక పూర్తి చుట్టు, నాలుగు స్ట్రోకులదైతే రెండు. తొందరపడకండి, ప్రతి కాక్ దగ్గరా కళ్లు పెట్టి చూడండి.