సింగర్ బ్రూనో మార్స్‌ది అసలు ఏ దేశం?

నిన్న నారాయణగూడలో చాయ్ తాగుతూ ఫ్రెండ్స్‌తో పెద్ద వాదన. ఒకడు లాటినో (లాటిన్ అమెరికా మూలాలవాడు) అంటాడు, ఇంకొకడు ఫిలిప్పీన్స్ అంటాడు. ఎవరిది కరెక్ట్?

↪ ఇద్దరిదీ. పుట్టింది 1985లో, హవాయిలోని హొనొలులులో, అసలు పేరు పీటర్ జీన్ హెర్నాండెజ్. నాన్న బ్రూక్లిన్ మనిషి, సగం ప్యూర్టోరికో, సగం యూదు, ఆ యూదుల వేర్లు వెతుక్కుంటూ పోతే హంగరీ, ఉక్రెయిన్ దాకా వెళ్తాయి. అమ్మ చిన్నప్పుడే ఫిలిప్పీన్స్ నుంచి హవాయి వచ్చింది. ఒకే షోలో ఆవిడ హులా అనే హవాయి డ్యాన్స్ ఆడేది, ఆయన డ్రమ్స్ వాయించేవాడు, పరిచయం అక్కడే.

↪ మరి బ్రూనో అనే పేరెలా వచ్చింది?

↪ చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడని, రెజ్లర్ బ్రూనో సమ్మార్టినో పేరుతో నాన్న పిలిచాడు.

↪ మాది హైదరాబాద్‌లోని బార్కస్ అన్నా. ముత్తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చాడు, నానమ్మ ఇక్కడి మనిషే. ‘నువ్వు అరబ్బా, హైదరాబాదీవా’ అని అడిగితే నాకు నిజంగా బాధేస్తుంది, రెండూ నావే కదా.