రెండు దేశాల విద్యార్థుల సర్దుబాటును ఒకే ప్రశ్నావళితో పోల్చవచ్చా?

కళాశాల జీవితానికి విద్యార్థులు ఎంతగా అలవాటుపడ్డారో కొలిచేందుకు మనస్తత్వవేత్తలు బేకర్, సిరిక్ 1984లో ప్రచురించిన కళాశాల సర్దుబాటు ప్రశ్నావళిని అనువదించి, రెండు దేశాల విద్యార్థులకు ఇచ్చి పోల్చాలనుకుంటున్నాను. చదువు, సాంఘిక సంబంధాలు, మానసిక స్థితి, విద్యాసంస్థతో అనుబంధం అనే నాలుగు కోణాలూ నాకు అవసరమే. చిక్కు కొలత దగ్గరే ఉంది. జవాబును అంకెల వరుసలో గుర్తించమంటే కొన్ని సంస్కృతులవారు మధ్య అంకెనే ఎంచుకుంటారు, మరికొందరు చివరి అంకెలకే మొగ్గుతారు. అప్పుడు సగటుల్లో కనిపించే తేడా సర్దుబాటుదా, జవాబిచ్చే అలవాటుదా? పైగా తరగతిలో మౌనం ఒకచోట గౌరవం, మరోచోట వెనుకబాటు. ఆ మౌన విద్యార్థికి తక్కువ మార్కు వేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

కొలత సమానత్వ పరీక్షలో (ప్రశ్నలు రెండు దేశాల్లోనూ ఒకే విషయాన్ని ఒకే తీరులో కొలుస్తున్నాయో లేదో చూసే పరీక్ష) కొన్ని ప్రశ్నలు విఫలమైతే మీరేం చేశారు? వాటిని తొలగించారా, పాక్షిక సమానత్వంతో, అంటే కొన్ని ప్రశ్నలు మాత్రమే సమానంగా ఉంటే చాలనుకుని, సరిపెట్టుకున్నారా? విద్యార్థులతో ముఖాముఖి సంభాషణలు ముందే జరపడం మేలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.