కల్వర్టు ఎస్టిమేట్‌లో ఇప్పటి వానల లెక్క ఎలా పెట్టాలి?

ప్రశ్న:
నేను ఊరి రోడ్లు చూసే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని). మా మండలంలో ఒక వాగు మీద రెండు వరసల 900 ఎంఎం హ్యూమ్ పైపుల (సిమెంటు కాంక్రీటు గొట్టాల) కల్వర్టు, అంటే చిన్న వంతెన, ఉంది. వరదకి రోడ్డుకి గండి పడటం నాలుగేళ్లలో ఇది రెండోసారి. మళ్లీ అవే పైపులతో ఎస్టిమేట్ వేయమంటున్నారు. వాగులో ఎంత వరద వస్తుందో మేం లెక్క కట్టేది రైవ్స్ ఫార్ములాతో. అది 1884 నాటిది. పరీవాహక ప్రాంతం (వాగులోకి నీళ్లు చేరే నేల విస్తీర్ణం), ఒక గుణకం తప్ప అందులో వాన ఊసే లేదు. తక్కువ సేపట్లో కుండపోతలు పెరిగాయని చెప్పే పరిశోధన పత్రం ఒకటి జతచేసి, పైపుల బదులు నీళ్లకి ఎక్కువ దారి ఉండే బాక్స్ కల్వర్టు అడిగాను. "ఇది ఏ కోడ్‌లో ఉంది?" అని ఫైలు తిప్పి పంపారు. అవతలి ఊరి పిల్లలు బడికి ఆ వాగు దాటే రావాలి. మబ్బు పడితే చాలు, నాకు టెన్షన్. ఎవరైనా ఇలాంటిది శాంక్షన్ చేయించారా?

రిటైర్డ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్):
తమ్ముడూ, పరిశోధన పత్రం చూసి ఎవరూ సంతకం పెట్టరు. రేపు ఆడిట్‌కి జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే కదా. చిన్న వంతెనలు, కల్వర్టుల డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ ఎస్‌పీ 13 తియ్యి. వరదని రెండు మూడు పద్ధతుల్లో లెక్క కట్టి పెద్ద అంకె తీసుకోమంటుంది, దాని తర్వాతి పెద్ద అంకెకి ఒకటిన్నర రెట్లు మించకుండా. వాటిలో ఒకటైన రేషనల్ పద్ధతిలో వాన తీవ్రత (గంటకి ఎంత వాన) కూడా లెక్కలోకి వస్తుంది, నీ కొత్త లెక్కకి చోటు అక్కడే. ఊరి పెద్దల్ని వెంటబెట్టుకెళ్లి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమని, ఆ ఎత్తు కొలిచి లెవెల్ తీసుకో. ఆ గుర్తుతోనూ వరద లెక్క కట్టొచ్చు.

పరిశోధక విద్యార్థిని:
తప్పు మా పరిశోధకులవైపూ ఉందండీ. మేం శాతాల్లో రాస్తాం, మీకు కావలసింది గంటకి ఎన్ని మిల్లీమీటర్లు అన్న ఒక్క అంకె. వేరే రంగంలోదే ఒక ఉదాహరణ: హైదరాబాద్‌లో కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే కప్పు) 2017లో కొందరు పేదల ఇళ్ల మీద వేసి, లోపలి వేడి కొలిచి చూపించారు. 2023లో అదే తెలంగాణ పాలసీ అయింది, 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకి తప్పనిసరి చేశారు. అలా కొలిచి చూపిస్తేనే కదులుతుంది. మీ మండలం రెయిన్‌గేజ్ (వానమాపకం) లెక్కలు పంపండి, వాన తీవ్రత నేను లెక్క కట్టిస్తాను.

ప్రశ్న అడిగినవారు:
సార్, నిన్న వెళ్లాను. ఒడ్డున వేపచెట్టుకి వరద గడ్డి ఇంకా చుట్టుకునే ఉంది, రోడ్డు కన్నా 70 సెంటీమీటర్ల పైన. ఆ గుర్తుతో వరద లెక్క కడితే రైవ్స్ లెక్కకి రెట్టింపు వచ్చింది. ఒకటిన్నర రెట్లకే ఆగినా ఆ పైపులు చాలవు. మేడమ్, రెయిన్‌గేజ్ లెక్కలు మెయిల్ చేశాను. మీ అంకె రాగానే చెట్టు ఫొటోతో సహా ఫైలు మళ్లీ పెడతాను.